వేటగాని దుర్భిణి, మంచెకావలి దుర్భిణి

అడవి నానుకొనియున్న గ్రామములలోని సభ్యులు, పంటకావలికై సంఘము తరఫున నొక జంట దుర్భిణిని కొనిపెట్టరాదా యని యడుగుచున్నారు. ఈ కోరిక న్యాయమైనదే. కాయ ఊరిన వేరుసెనగ చేనిలోగాని, పాలుపట్టిన మొక్కజొన్నలోగాని అడవిపందుల మంద యొక్కరాత్రి చొరబడినచో రైతు నెలల తరబడి పడిన కష్టము తెల్లవారునప్పటికి మట్టిపాలగును. మంద యేమూలనుండి వచ్చుచున్నదో, యెన్ని తలలున్నవో, యేవేళకు గట్టు దాటుచున్నదో ముందుగా కనిపెట్టిన కావలివానికి డప్పు మ్రోగించుటకును, ఇరుగుపొరుగు చేలవారిని కేకవేయుటకును వ్యవధి చిక్కును.

అయితే నేడు బజారులో దొరకు దుర్భిణులలో పెక్కు ఈ పనికి రావు. అమ్మువారు "ఇది ఇరువది రెట్లు చూపును, అది ముప్పది రెట్లు చూపును" అని చెప్పుదురే గాని మునిమాపువేళ నేమి చూపునో చెప్పరు. పట్టపగలు అంగడిముంగిట నిలుచుండి దూరపు మేడమీది వ్రాతను చదివి మురిసి కొన్న వస్తువు, ప్రొద్దు క్రుంకిన అరగంటకు చేనిలో చీకటిముద్దను తప్ప మరేమియు చూపదు. సంఘము సొమ్ము పదిమంది సొమ్ము గావున, కొనుటకు ముందు ఈ వస్తువు పని చేయు తీరు కొంత తెలిసికొనుట యవసరము.

ఈ విద్యలో ఆరితేరినవారు వేటగాండ్రు. అందుచేతనే వారి పేరు శీర్షికలో నుంచితిమి. మనదేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత వేట నిషేధింపబడినది. పంటను పాడుచేయు అడవిపందినైనను అధికారముగల అటవీ అధికారి వ్రాతమూలకమైన అనుమతి లేనిదే చంపుట నేరము. కనుక వేటగానినుండి మనము తీసికొనదగినది వాని తుపాకి గాదు, వాని చూపు.

జర్మనీదేశమున ఈ సంగతి మిక్కిలి స్పష్టముగా గానవచ్చును. అచ్చటి మొక్కజొన్న చేలకును అడవిపందుల బెడద మెండు. పొలముల అంచున కఱ్ఱలతో కట్టిన యెత్తైన మంచెలుండును. వానిని వారు హోఖ్‌జిట్జ్ అందురు. మన మంచెకును దానికిని భేదము స్వల్పమే, నిచ్చెనయు పైకప్పును సహా. మన సభ్యులకు ఇంతకంటె ఆసక్తికరమైన విషయము మరియొకటి కలదు. అచ్చటి 1952వ సంవత్సరపు వేట చట్టము ననుసరించి, సామాన్యముగా 75 హెక్టార్లు, అనగా సుమారు 185 ఎకరములు, ఒకే చెక్కగా గలవానికే తన నేలలో స్వయముగా వేటాడు హక్కు ప్రత్యేకముగా నుండును. తక్కిన చిన్నరైతుల భూములన్నియు కలిసి యొక ఉమ్మడి వేటప్రాంతమగును. అది సాధారణముగా 150 హెక్టార్లకు తక్కువ గాకుండవలెను. ఆ భూస్వాములందరును సభ్యులుగా నొక సంఘమేర్పడును. యాగ్డ్‌గెనొస్సెన్‌షాఫ్ట్ అని దాని పేరు. ఆ మాటలోని ఉత్తరభాగము సహకార సంఘములకు వాడునదే. ఈ సంఘము వేటహక్కును కౌలున కిచ్చును. పందులు చేనిని పాడుచేసినచో రైతునకు నష్టపరిహార మిచ్చు బాధ్యత సంఘముపై నుండును; తరచుగా కౌలుదారే యా బాధ్యతను ఒడంబడికలో తనపై వేసికొనును.

ఇక నా కౌలుదారు స్థితి నూహింపుడు. పందులు పగలు రావు. మునిమాపునను, వెన్నెలలోను, వేకువజామునను వచ్చును. అవి చేయు నష్టమునకు తానే రొక్కము చెల్లింపవలెను. కాబట్టి చీకటివేళ చూపని దుర్భిణి వానికి చిల్లిగవ్వ చేయదు. ఇట్టివారు తరతరములుగా మంచెలపై కూర్చుండి ఏరికొన్న దుర్భిణిపై 8×56 అను అంకెలుండును. ఇరువది రెట్లవి దొరకనందున వారు ఎనిమిది రెట్లవి కొనలేదు సుమా.

ఈ అంకెల యర్థము సులభము. మొదటిది ఎన్నిరెట్లు దగ్గరగా చూపునో తెలుపును. ఎనిమిదియన్నచో 200 గజముల దూరమున నున్న పంది 25 గజముల దూరమున నున్నట్లు కనబడును. రెండవది ముందటి అద్దము వెడల్పు, మిల్లీమీటర్లలో. ముందటి అద్దము వెలుతురును పట్టు గంప వంటిది. గంప యెంత వెడల్పైన అంత వెలుతురు లోనికి వచ్చును. కాని లోనికి వచ్చిన వెలుతురంతయు కంటికి చేరునా యన్నది వేరు ప్రశ్న. ఇచ్చటనే కొనువారు మోసపోవుచున్నారు.

రెండవ అంకెను మొదటి అంకెచే భాగింపుడు. 56ను 8చే భాగించిన 7 వచ్చును. కంటి అద్దమునుండి వెలుపలికి వచ్చు వెలుతురు కట్ట వెడల్పు 7 మిల్లీమీటర్లని దాని యర్థము. 7×50 అను రకమునకు 7కు కొంచె మెక్కువ. 8×42కు 5కు కొంచె మెక్కువ. 10×42కు 4 పైచిల్లర. అంగడివాడు పొగడు 20×50కి రెండున్నర మాత్రమే. జేబులో నిముడు 8×21కిని ఇంచుమించు అంతియే.

ఇప్పుడు మన కన్ను సంగతి. కనుపాప నడుమనుండు నల్లని రంధ్రము వెలుతురునుబట్టి చిన్నదియు పెద్దదియు నగుచుండును. మిట్టమధ్యాహ్నము రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకొనును. చీకటిలో యువకునకు ఏడు మిల్లీమీటర్ల వఱకు విచ్చుకొనును. పగటివేళ 20×50లో చూచినపుడు కట్ట వెడల్పు రెండున్నర, కనుపాప రంధ్రమును దాదాపు అంతే; కనుక లోటు తెలియదు. అదే కన్ను మునిమాపున ఏడు మిల్లీమీటర్లకు విచ్చుకొని వెలుతురుకై యాచించుచుండగా దుర్భిణి రెండున్నర మిల్లీమీటర్ల సన్నని ధారనే పోయుచుండును. గిన్నె పెద్దదైన నేమి, కుళాయి సన్నము! అంగడిలో ఘనముగా కనబడిన వస్తువు చేనిలో గ్రుడ్డిదగుటకు కారణ మిదియే.

వయస్సునుగూడ గణింపవలెను. ఏండ్లు పైబడినకొలది కనుపాప చీకటిలో విచ్చుకొనుట తగ్గిపోవును. ఏబది దాటినవారిలో పెక్కుమందికి అది ఐదు మిల్లీమీటర్ల దరిదాపులనే నిలిచిపోవును. అట్టివారికి 8×56 ఇచ్చు ఏడు మిల్లీమీటర్ల కట్టలో అంచు వెలుతురు కంటిలోనికి పోక వ్యర్థమగును. మంచెకావలికి మన గ్రామములలో పోవువారు తరచుగా నడివయస్సు దాటినవారే. వారికి 8×42 చాలును, బరువును తక్కువ. 8×42 సామాన్యముగా ముప్పాతిక కిలో లోపల నుండగా, 8×56 కిలోకు మించియుండుట కద్దు. గంటసేపు మెడకు తగిలించుకొన్నవానికి ఈ భేదము బాగుగా తెలియును.

కొన్ని పట్టికలలో "సంధ్యాంకము" అని యొక లెక్క కనబడును. రెండంకెలను గుణించి వర్గమూలము తీయుటయే యా లెక్క. దాని ప్రకారము 8×56కు ఇరువదియొకటియు, 20×50కి ముప్పదియొకటి చిల్లరయు వచ్చును! ఈ లెక్కనే నమ్మినచో చీకటికి ఇరువది రెట్లదే మేలని తేలును. ఇది కనుపాప వెడల్పును గాని, అద్దముల శ్రేష్ఠతను గాని, చేతి వణకును గాని లెక్కలోనికి తీసికొనదు. ఒకేజాతి దుర్భిణులను పోల్చుటకు కొంత పనికివచ్చునేమో గాని, అమ్మకపువారి నోట ఈ యంక వినబడినపుడు జాగ్రత్తపడవలెను.

చేతి వణకు సంగతియు చిన్నది గాదు. దుర్భిణి వస్తువును ఎన్నిరెట్లు పెద్దదిగా చూపునో మన చేతి కదలికను గూడ అన్నిరెట్లు పెద్దదిగా చూపును. ఎనిమిది రెట్ల వఱకు చాలమంది నిలుకడగా పట్టుకొనగలరు. పదిరెట్లు చేయి స్థిరముగలవారి వంతు. ఆ పైవానికి ముక్కాలిపీట కావలెను. పైగా రెట్లు పెరిగినకొలది కనబడు మేర తగ్గును. మంచి 8×42లో వేయిగజముల దూరమున సుమారు 130 గజముల వెడల్పు కనబడగా, ఇరువదిరెట్లదానిలో సామాన్యముగా అందు సగమైనను కనబడదు. గట్టువెంబడి కదలు మందను వెదకునపుడు గడ్డపలుగు రంధ్రమునుండి చూచినట్లుండును. పదినుండి ముప్పది రెట్లవఱకు మార్చుకొనదగినవని అమ్మునవి మరియు నధమము. వానిలో ఏ పనియు చక్కగా జరుగదు.

అద్దములపై పూతను గూర్చి కొంత వివరింపవలసియున్నది. గెలీలియో 1609-1610 సంవత్సరములలో ఆకాశమును చూచిన దుర్భిణి ఒంటికంటిది. ఇటలీదేశస్థుడైన పోరో 1854లో పట్టకములతో బొమ్మను నిటారుగా నిలుపు నుపాయమునకు హక్కుపత్రము పొందెను. దానిని జంట దుర్భిణిలో నమర్చి 1894 ప్రాంతమున విరివిగా అమ్మకమునకు తెచ్చినవారు జర్మనీలోని జైస్ వారు. అయినను ఒక చిక్కు మిగిలియుండెను. పూతలేని గాజుముఖము తనపై పడిన వెలుతురులో నూటికి నాలుగు పాళ్లు వెనుకకు త్రిప్పికొట్టును. ఒక్కొక్క గొట్టములో గాలిని తాకు గాజుముఖములు పది యున్నవనుకొన్నచో, అన్నియు దాటునప్పటికి మూడవవంతు వెలుతురు నష్టమైపోవును. 1935లో జైస్ కర్మాగారమున స్మకూలా యనువాడు గాజుపై అత్యల్పమైన పొర నంటించి ఈ నష్టమును తగ్గించు విధానమును కనిపెట్టెను. నేటి మంచి దుర్భిణులలో పొరలు పలువరుసలుగా నుండి, ఒక్కొక్క ముఖమున నష్టము నూటికి అరపాలు కంటె తక్కువ. అందుచేత అంకెలు రెండును సమానమైనను ఒకటి మునిమాపున తేటగాను, మరియొకటి మసకగాను చూపుట సంభవించును.

దీనిని అంగడిలోనే పరీక్షింపవచ్చును. దీపము క్రింద ముందటి అద్దమును వాల్చి, లోపల కనబడు దీపపు నీడలను చూడుడు. నీడలు మందమైన ఆకుపచ్చగా గాని ఊదారంగుగా గాని యున్నచో పూత యున్నది. తెల్లగా దీపమంత ప్రకాశముతో నొక్కటియైనను కనబడినచో ఆ ముఖమునకు పూత లేదు. ముందటి అద్దము కెంపువలె ఎఱ్ఱగా తళతళలాడు రకమును కొనకుడు. ఎఱ్ఱనివెలుతురును బయటికి త్రోసివేయు ఆ తళుకు చూపఱుల నాకర్షించుటకే గాని చీకటికి హాని.

తరువాత దుర్భిణిని చేయిచాచి దూరముగా పట్టి, ఆకాశమువైపు త్రిప్పి, కంటి అద్దములలో చూడుడు. నడుమ వెలుగు బిళ్ల యొకటి కనబడును. పైన చెప్పిన వెలుతురు కట్ట యదియే. అది గుండ్రముగా నుండవలెను. దాని యంచులు నఱకినట్లు పలకగా నుండి బూడిదరంగు నీడలు కనబడినచో లోపలి పట్టకములు చౌకగాజువి. పిదప దూరముననున్న కరెంటు స్తంభముమీది అడ్డకఱ్ఱను రెండు కన్నులతో చూచుచు దుర్భిణిని మెల్లగా మూడు నాలుగంగుళములు ముందుకు జరుపుడు. ఒక్కటిగా నుండిన అడ్డకఱ్ఱ రెండుగా పైకిని క్రిందికిని విడిపోయినచో గొట్టములు ఒకదానికొకటి సరిగా నొదుగలేదు. అట్టిదానితో పావుగంట చూచిన తలనొప్పి తప్పదు. చేయిజారి పడిన దుర్భిణులకు ఈ జబ్బు సాధారణము గనుక, వాడినవానిని కొనునపుడు ఈ పరీక్ష విడువరాదు. కండ్లజోడు ధరించు సభ్యులు జోడుతోనే చూడవలెను. జోడు తీయకయే మేరయంతయు కనబడవలెనన్న కంటికిని అద్దమునకును నడుమ 15 మిల్లీమీటర్లకు తక్కువగాని యెడము కావలెను; వస్తువుతో వచ్చు కాగితమున ఈ యంకె యుండును. వీలైనచో అంగడికి సాయంకాలము పోవుట మేలు. వీధిదీపములు వెలుగకముందు, చీకటిపడుచుండగా నొక చెట్టునీడలోనికి చూచిన పదినిముషములు, ఈ వ్యాసమంతటికంటె నెక్కువ బోధించును.

చీకటిలో చక్కగా చూపు దుర్భిణికై ఇంత పట్టుదల యేలయని కొందరడుగవచ్చును. కదలునది కనబడిన చాలదా? చాలదు. 2020 డిసెంబరులో ఫ్రాన్సుదేశపు పల్లెయొకదానిలో, ప్రొద్దు వాలువేళ తన యింటిచెంత కట్టెలు కొట్టుకొనుచున్న యువకుని అడవిపందియని భ్రమించి వేటగాడొకడు కాల్చిచంపెను. నీడను చూచి జంతువని నిశ్చయించుటవలన కలుగు ఫల మిట్టిది. నియమమెరిగిన వేటగాండ్రు తుపాకిపై నమర్చిన దుర్భిణితో వెదకరు. ఏలయనగా దానితో చూచుటయన్న నెదుట నున్నవాడెవ్వడో తెలియకమునుపే వానికి తుపాకి గురిపెట్టుట యగును. మెడలో వేరుగా నుండు జంట దుర్భిణితో చూచి, ఇది ఫలానా జంతువని నిర్ధారించుకొనిన పిదపనే తక్కినది.

మనచేత తుపాకి లేదు గదా యనవచ్చును. తుపాకి లేకున్నను, మన చేలలో రాత్రివేళ నీరు కట్టబోవు రైతు, మేకలను వెదకుకొనుచు వచ్చు కాపరి, గట్టువెంట నడచుపోవు బాటసారి, అందరును నీడలే. పందులకని కంచెకు కరెంటు తగిలించు దుర్మార్గపు అలవాటు కొన్నిచోట్ల నున్నది. ఆ తీగకు మనిషియనియు పందియనియు భేదము తెలియదు. దానివలన మన జిల్లాలలో మనుష్యులును పశువులును చనిపోవుచుండుట అందరెరిగినదే, అది శిక్షార్హమైన నేరము గూడ. కన్నుతో చేయు కావలి శ్రమతో గూడినదే, కాని వచ్చినదెవ్వరో చూచి మఱి కేకవేయును.

ఏనుగుల విషయమున దుర్భిణి ప్రాణరక్షకమనియే చెప్పవచ్చును. చిత్తూరు జిల్లాలోని కుప్పము, పలమనేరు ప్రాంతములలోను, ఉత్తరమున పార్వతీపురము మన్యములోను ఏనుగులు పంటలపైబడుట కలదు. పందిమందయని తలచి డప్పుతో ఎదురుపోయినవాడు ఏనుగునకు చేరువైనచో తప్పించుకొనుట దుర్లభము. అరకోసు దూరమునుండియే వచ్చునది ఏనుగని తెలిసికొన్నవాడు మంచె దిగి, ఊరివైపు మరలి, అటవీ సిబ్బందికి కబురుపెట్టగలడు. ఎలుగు విషయమును అట్టిదే.

ఒక హద్దు మాత్రము చెప్పవలెను. ఎంత శ్రేష్ఠమైన దుర్భిణియైనను లేని వెలుతురును పుట్టింపదు. మునిమాపు, వేకువ, వెన్నెల, ఇవి దాని రాజ్యము. అమావాస్యరాత్రి అది పనిచేయదు. పెట్టెపై "రాత్రిచూపు" అని వ్రాసిన అద్దపు దుర్భిణులకును ఇదియే మాట. జంతువు ఒంటివేడిని పట్టి చూపు విద్యుత్ యంత్రములు నేడు వచ్చియున్నవి, అవి కటికచీకటిలోను పనిచేయును. కాని వాని వెల మిక్కిలి హెచ్చు, వేడిముద్ద కనబడినను అది ఏ ప్రాణియో అన్ని వేళల తేటపడదు.

కావున సంఘము కొనదగినది 8×42, పూత అన్ని ముఖములకు గలది, నీరు చొరనిది, లోపల నత్రజనివాయువు నింపినది అని మా యభిప్రాయము. వెన్నెలరాత్రులలో నొకే మంచెపైనుండి చూచుటకే యైనచో, అందును యువకులే కావలియుందురన్నచో, 7×50 గాని 8×56 గాని కొనవచ్చును. చౌకవి నాలుగు కొనుటకంటె మంచిది ఒకటి కొని వంతులవారీగా వాడుకొనుట మేలు.

వంతులవారీ వాడుకలో నొక చిక్కున్నది. ఒకరి కన్నుల నడిమి దూరము మరియొకరి దానితో సమానము గాదు. ఒక కంటి చూపు రెండవ కంటి చూపుతోను సమానము గాదు. మొదట మడతబందును వంచి, రెండు వలయములు ఒక్కటిగా కనబడునట్లు చేసికొనవలెను. తరువాత కుడికన్ను మూసి నడిమి చక్రమును త్రిప్పి ఎడమకంటికి తేటచేసికొని, ఆపై ఎడమకన్ను మూసి, చక్రమును ముట్టక, కుడి కంటి అద్దముచుట్టు నున్న ఉంగరమునే త్రిప్పి కుడికంటికి తేటచేసికొనవలెను. పెక్కింటిలో ఉంగరము కుడివైపుననే యుండును. ఈ సంగతి తెలియక వస్తువునే నిందించువారు కలరు. సంఘపు పుస్తకములో ప్రతి సభ్యుని పేరున కెదురుగా వాని మడతబందు గుర్తును, ఉంగరపు గుర్తును వ్రాసియుంచినచో చీకటిలో తడుముకొను పని తప్పును. ఏరాత్రి ఎవరు తీసికొనిరో, ఏవేళ ఏ జంతువులు ఎన్ని ఏగట్టున కనబడెనో ఆ పుస్తకముననే వ్రాసినచో, అటవీశాఖవారికి పంటనష్టమును గూర్చి విన్నవించునపుడు ఆ వ్రాతకు విలువ యుండును.

అద్దమును పైపంచెతో తుడువరాదు. చేనిదుమ్ములోని ఇసుకరేణువు పూతను గీరివేయును. మొదట ఊది, మెత్తని కుంచెతో దులిపి, పిదపనే శుభ్రమైన మెత్తని గుడ్డ. ఎట్టి సమయమునను సూర్యుని వైపు చూడరాదు, కన్ను పోవును. వానకాలమున తోలుసంచిలో నుంచుట కూడదు. తోలు చెమ్మను పట్టి అద్దములకు బూజు తెప్పించును, బూజు పూతను తినివేసిన పిమ్మట బాగుచేయుట కష్టము. మూత బిగువుగా పట్టు డబ్బాలో, చెమ్మ పీల్చు సిలికా గుళికల పొట్లముతో నుంచి, గుళికలు రంగు మారినపుడు సన్నని సెగపై ఆరబెట్టి మరల వేయవలెను. తడిసి వచ్చిన దుర్భిణిని డబ్బాలో మూయకముందు నీడపట్టున నొకపూట ఆరనిచ్చు బాధ్యత, ఆ రాత్రి తీసికొనిపోయిన సభ్యునిదే యని నిబంధన చేయుట మంచిది.